పేరు కొట్టేసేవాడు ఎవరికి జవాబు చెప్పాలి?

ఓటర్ల జాబితా చట్టాన్ని ఎలా మార్చాలన్న దాని మీద ఇద్దరి మధ్య జరిగిన వాదన ఇది. ఒకాయన సాలూరు, పార్వతీపురం వైపు ఎన్నో ఎన్నికలు చేయించి తహసీల్దారుగా రిటైరైన మనిషి. అవతలి మనిషి ఆయన మేనకోడలు, హైదరాబాద్‌లో న్యాయవాది. జాబితా బాగుపడాలన్న దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట. ఎవరి మీద బరువు పెట్టి బాగుచేయాలన్న దగ్గరే తగవు. నా మొగ్గు మేనకోడలి వైపే. అయినా మావయ్య లేవనెత్తిన వాటికి జవాబు చెప్పకుండా ఆమె వాదన నిలవదు కాబట్టి ఆయన మాటలూ పూర్తిగా ఇస్తున్నాను.

తహసీల్దారు: చట్టం సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు కొటియా సంగతి చెప్పు. సాలూరుకి పైన, కొండల మీద, ఆంధ్రా మాదంటే ఒడిశా మాదనే 21 ఊళ్లు. అక్కడ ఏ ఇంట్లో అడిగినా ఒక్క మనిషికి రెండు ఓటరు కార్డులు తీసి చూపిస్తారు. ఒకటి మన సాలూరు నియోజకవర్గానిది, రెండోది ఒడిశాలో పొట్టంగిది. 2024లో రెండు వైపులా ఒకే రోజు, మే 13న, పోలింగు పెట్టారు. పొద్దున ఒక బూతు, మధ్యాహ్నం ఇంకో బూతు. వాళ్లని నేను తప్పుపట్టను. రెండు ప్రభుత్వాలూ గుమ్మంలోకి వచ్చి మరీ పేరు రాసుకున్నాయి. కానీ ఒక మనిషికి ఒక ఓటు అని రాజ్యాంగం పెట్టుకున్న దేశంలో ఇన్నేళ్లుగా ఇది ఇలాగే ఉందంటే జాబితాని ఎవరు నమ్ముతారు?

న్యాయవాది: తెలంగాణలోనూ ఉంది మావయ్యా. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో పరందోళి, అంతాపూర్, ముకదంగూడ లాంటి ఊళ్లు. అటు మహారాష్ట్రలో చంద్రపూర్ లోక్‌సభ స్థానం, ఇటు ఆదిలాబాద్ స్థానం. 2024లో చంద్రపూర్‌కి ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌కి మే 13న పోలింగు. రెండు తేదీల్లోనూ ఓటేసిన వాళ్లున్నారు. అయితే అది సరిహద్దు తగవు. రెండు రాష్ట్రాలు కూర్చుని తేల్చుకోవాల్సినదాన్ని ఓటర్ల మోసం అంటే ఎలా?

తహసీల్దారు: సరే, సరిహద్దు వదిలేద్దాం. మీ హైదరాబాద్‌కే వస్తాను. కూకట్‌పల్లిలో కాపురం, పాలకొల్లులో సొంతిల్లు. 2023 నవంబరు 30న తెలంగాణ అసెంబ్లీకి ఇక్కడ ఓటు. 2024 మే 13న పండక్కి వెళ్లినట్టు కుటుంబమంతా బస్సెక్కి వెళ్లి అక్కడ ఓటు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షను చదువు. ఏ మనిషి పేరూ ఒకటికి మించిన నియోజకవర్గాల్లో ఉండకూడదు. 20వ సెక్షను ఇంకా స్పష్టంగా చెబుతుంది. ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదు. 31వ సెక్షను కింద అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు. నా సర్వీసంతటిలో ఆ సెక్షను కింద ఒక్కడు కూడా జైలుకి వెళ్లగా చూడలేదు. అందుకే నేననేది, చట్టానికి పళ్లు కావాలి. ఓటుకి ఆధార్ తప్పనిసరి చేయాలి. పదేళ్లకోసారి జాబితా మొదటి నుంచి కొత్తగా రాయాలి. తన పేరు ఉండాలనుకున్నవాడు వచ్చి రుజువు చూపించుకోవాలి.

న్యాయవాది: మీరు చెప్పిన కూకట్‌పల్లి మనిషి ఇక్కడ పేరు రాయించుకునేటప్పుడు, నా పాత ఓటు పాలకొల్లులో ఉందని ఫారంలో రాశాడనుకోండి. అక్కడి పేరు ఎవరు తీయాలి?

తహసీల్దారు: అక్కడి ఈఆర్‌వో. ఓటర్ల నమోదు అధికారి.

న్యాయవాది: తీస్తారా?

తహసీల్దారు: మునుపు కాగితం వెళ్లేది, అక్కడ ఎవరో ఒక ఫైల్లో పెట్టేవాళ్లు. ఇప్పుడు దేశమంతటికీ ఒకే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. 2022 నుంచి మారిన ఫారం 8 పెడితే పాతచోట పేరు పోయి కొత్తచోటికి మారాలి. కానీ జనం ఫారం 8 పెట్టరు. ఫారం 6 పెట్టి, మొదటిసారి ఓటరునంటారు.

న్యాయవాది: వాళ్లు కొందరు అబద్ధం చెబుతున్నారు, నిజమే. చాలామందికి ఏ ఫారమో తెలియక ఇంటర్నెట్ సెంటర్లో కుర్రాడు ఏది నింపితే అది పెడుతున్నారు. రెండు చోట్లా ఒకే పేరు, ఒకే తండ్రి పేరు, ఒకే ఫోటో ఉంటే పట్టుకోవాల్సింది ఎన్నికల సంఘం. పట్టుకోలేక, దేశంలో అందర్నీ మళ్లీ వరసలో నిలబెట్టి మీరెవరో రుజువు చూపించండంటే దాన్ని సంస్కరణ అని నేను ఒప్పుకోను. మీ ఆఫీసు పని మా నెత్తిన పెట్టడం అది.

తహసీల్దారు: ఆఫీసు పని అంటున్నావు గనక చెబుతాను. జాబితాలో దొంగ పేర్లకన్నా చచ్చిన పేర్లు ఎక్కువ. ఇంట్లో పెద్దావిడ పోతుంది. బూత్ స్థాయి అధికారి, అంటే మన అంగన్‌వాడీ టీచరో, సచివాలయం ఉద్యోగో, వెళ్లి ఫారం 7 మీద సంతకం పెట్టండి, పేరు తీసేస్తామంటే కొడుకు పెట్టడు. దినాలు కూడా కాలేదు, అమ్మ పేరు నా చేత్తో కొట్టేయమంటారా అంటాడు. ఏడాది తర్వాత వెళ్తే, ఉంటే మీకేం నష్టం అంటాడు. అలా పదేళ్లు ఉండిపోతుంది. మీ నగరాల్లో పోలింగు శాతం చూడు. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా ఓటెయ్యలేదని పేపర్లన్నీ జనాన్ని తిట్టిపోశాయి. వెయ్యని వాళ్లలో లేని వాళ్లెంతమందో ఎవరైనా లెక్క తీశారా?

న్యాయవాది: ఆ కొడుకు సంతకం అక్కర్లేదు కదా మావయ్యా. జనన మరణాల రిజిస్ట్రారు దగ్గర ఆ మరణం నమోదైంది. ఆ వివరాలు నేరుగా తెప్పించుకుంటామని ఎన్నికల సంఘమే 2025 మే 1న ప్రకటించింది. మంచి పని. 1960 నాటి నమోదు నియమాల్లోనే మరణాల వివరాలు అడిగే అధికారం ఉంది. అరవై ఏళ్లు ఎందుకు ఆగారో నాకు తెలీదు గానీ, సమాచారం ప్రభుత్వం దగ్గరుంటే ప్రభుత్వమే వాడుకోవాలన్న నా వాదనకు అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

తహసీల్దారు: చనిపోయినవాళ్ల సంగతి అలా తేలొచ్చు. ఊరు మారినవాళ్లకి రిజిస్ట్రారు లేడే! దానికి ఇంటింటికీ తిరగాల్సిందే. తిరిగినప్పుడు కటువుగా ఉండాల్సిందే. మొదటి జాబితా ఎలా తయారైందో నీకు తెలుసుగా? మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ కాలంలో, 1951-52 ఎన్నికలకి, 17 కోట్ల పైచిలుకు ఓటర్లను రాయాల్సి వచ్చింది. ఉత్తరాదిన చాలామంది ఆడవాళ్లు పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు, అంతే రాసుకోమన్నారు. సేన్ ఒప్పుకోలేదు. పేరు చెప్పడానికి గడువిచ్చాడు. అప్పటికీ చెప్పని దాదాపు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేయించాడు. గగ్గోలు పుట్టింది. కానీ తర్వాత ఎన్నికలకి ఆడవాళ్లు తమ పేరుతో తాము జాబితాలోకి వచ్చారు. ఆయన ఆనాడు మెత్తబడి ఉంటే మన జాబితాలో సగం మందికి ఈనాటికీ సొంత పేరు ఉండేది కాదు.

న్యాయవాది: ఆ ఉదాహరణ మీరే తెచ్చారు గనక దాన్నే పట్టుకుంటాను. ఆ 28 లక్షల సంగతి మనకెలా తెలుసు? ఆయనే చెప్పాడు గనక. ఎంతమందిని తీశాం, ఎందుకు తీశాం, ఏయే రాష్ట్రాల్లో ఎక్కువ, అన్నీ తన నివేదికలో రాశాడు. ఇది బాధాకరమే అయినా చేయక తప్పలేదని బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. ఇంకో మాట. అప్పుడు పేరు రాయడానికి ఉద్యోగి ఇంటికి వెళ్లాడు. చదువురాని, భూమిలేని, కాగితం ముక్క లేని మనిషి కూడా ఇరవై ఒక్క ఏళ్లుంటే ఓటరే అని ముందే అనుకుని వెళ్లాడు. నువ్వు పౌరుడివని రుజువు చూపించు అని అడగలేదు. కటువుతనం సేన్ దగ్గర నేర్చుకోండి, నేను కాదనను. లెక్క చెప్పడం కూడా ఆయన దగ్గరే నేర్చుకోండి. 2025లో బీహార్‌లో జరిగింది ఆ రెండోది లేని కటువుతనం.

అక్కడి నుంచి వాదన బీహార్ మీదికి మళ్లింది. ఆ వివరాలు మన పాఠకులకు ముక్కలు ముక్కలుగా తెలిసే ఉంటాయి. ఆమె చెప్పిన వరసలోనే ఇస్తున్నాను.

న్యాయవాది: 2025 జూన్ 24న ఎన్నికల సంఘం బీహార్‌కి ప్రత్యేక సమగ్ర సవరణ ప్రకటించింది. నవంబరులో ఎన్నికలు పెట్టుకుని నడి వానల్లో నెలరోజుల్లో అందరూ ఫారాలు నింపి ఇవ్వాలంది. 2003 జాబితాలో పేరున్నవాళ్లకి ఆ పేజీ చాలు. లేనివాళ్లు 11 రకాల పత్రాల్లో ఏదో ఒకటి చూపాలి. పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్, జనన ధ్రువీకరణ, ఇలాంటివి. జనం చేతిలో ఉన్న ఆధార్, రేషన్ కార్డు, చివరికి ఎన్నికల సంఘమే ఇచ్చిన ఓటరు కార్డు, ఆ పదకొండులో లేవు. అంతకుముందు జాబితాలో 7.89 కోట్ల మంది. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో 7.24 కోట్లు. 65 లక్షల పేర్లు లేవు.

తహసీల్దారు: ఎందుకు లేవో చెప్పారుగా! 22 లక్షల మంది చనిపోయారు, 36 లక్షల మంది ఊరొదిలి వెళ్లారు లేదా దొరకలేదు, 7 లక్షల మంది రెండుచోట్ల ఉన్నారు.

న్యాయవాది: అవి మొత్తాలు. ఎవరు చనిపోయారు, ఎవరు దొరకలేదు, ఆ పేర్లు ఇవ్వండని అడిగితే, అలా విడిగా జాబితా ఇవ్వాలని, కారణాలు చెప్పాలని నియమాల్లో ఎక్కడా లేదని సంఘం సుప్రీంకోర్టులో అఫిడవిట్ వేసింది. అది అబద్ధమని నేననను. మన చట్టంలో ఉన్న కంత అదే. మేం ఎవర్నీ తొలగించలేదు, ముసాయిదాలో చేర్చలేదు, అంతే, అన్నారు. తొలగింపు అయితే నోటీసివ్వాలి. చేర్చకపోవడానికి నోటీసు అక్కర్లేదట! ఆగస్టు 14న కోర్టు చెప్పాల్సి వచ్చింది, ఆ 65 లక్షల పేర్లూ బూతుల వారీగా, ఒక్కో పేరు పక్కన కారణంతో, కార్డు నంబరు కొడితే దొరికేలా పెట్టండని. సెప్టెంబరు 8న ఆధార్‌ని పన్నెండో పత్రంగా తీసుకోమంది. సెప్టెంబరు 30న తుది జాబితా వచ్చేసరికి 7.42 కోట్లు. ఆగస్టులో 7.24, సెప్టెంబరులో 7.42. ముసాయిదా తర్వాత 21 లక్షలకు పైగా పేర్లు కొత్తగా చేరాయి, 3.66 లక్షలు తీసేశారు. అందులో మొదటిసారి ఓటర్లు ఎంతమంది, ముసాయిదాలో పోయి మళ్లీ వచ్చినవాళ్లు ఎంతమంది, విడదీసి చెప్పమంటే మళ్లీ అదే మౌనం.

తహసీల్దారు: కోర్టు ఆ సవరణ ఆపలేదు కదా. చేయకూడదనీ అనలేదు.

న్యాయవాది: ఆపలేదు. వెలుతురులో చేయమంది. నేనడిగేదీ అదే. ఆ ఆగస్టు 14 ఉత్తర్వుని ఒక కేసులో మధ్యంతర ఉత్తర్వుగా వదిలేయకుండా 1960 నియమాల్లో నియమంగా రాయాలి. లేకపోతే ప్రతి రాష్ట్రం వాళ్లూ మళ్లీ ఢిల్లీకి పరుగెత్తాలి. 2025 అక్టోబరు 27న ఇంకో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సవరణ ప్రకటించారు. అందులో పుదుచ్చేరి ఉంది. అంటే మన యానాం ఉంది. కాకినాడ పక్కనే ఉన్న ఆ ఊళ్లో ఒక ముసలాయన పేరు పోతే, ఎందుకు పోయిందో తెలుసుకునే హక్కు ఆయనకి చట్టంలో ఉండాలా, సుప్రీంకోర్టు దయలో ఉండాలా?

తహసీల్దారు: నియమాల్లో అసలు లేదనకు. 21ఏ ఉంది. చనిపోయారనో, ఊళ్లో లేరనో పేరు తీయాలంటే ఈఆర్‌వో జాబితా అంటించాలి, విచారణ ఎప్పుడో ఎక్కడో నోటీసు పెట్టాలి, చెప్పుకోవడానికి అవకాశమివ్వాలి.

న్యాయవాది: ఎక్కడ అంటించాలి?

తహసీల్దారు: ఆఫీసు నోటీసు బోర్డు మీద. ఇంకా ఈఆర్‌వోకి తోచిన ఇతర పద్ధతిలో.

న్యాయవాది: ఆ తోచిన పద్ధతి ఏమిటో మీకంటే నాకే బాగా తెలుసు మావయ్యా. నా దగ్గరికొచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. ఇళ్లలో పని చేసుకుంటుంది. అదే వీధిలో, అదే ఇంట్లో, పై పోర్షన్ నుంచి కింద పోర్షన్‌లోకి దిగింది, అద్దె తక్కువని. ఈలోగా మున్సిపాలిటీ వాళ్లు వీధికి కొత్త ఇంటి నంబర్లు వేశారు. పగలు వచ్చిన ఉద్యోగి పై పోర్షన్ తలుపు కొడితే కొత్తగా దిగినవాళ్లు ఆ పేరుగల వాళ్లు ఇక్కడ లేరన్నారు. నిజమే చెప్పారు. ఆవిడ పని నుంచి రాత్రి ఏడింటికి వస్తుంది. కాగితం మీద 'షిఫ్టెడ్' అని పడింది. పోలింగు రోజు కూలి మానుకుని, కార్డు పట్టుకుని, వరసలో నిలబడి, లోపలికెళ్తే పేరు లేదు. నోటీసు అంటించారట. ఆవిడ ఇంటికి ఎన్నో బస్‌స్టాపుల అవతల, ఏ పనీ పడక ఆవిడ ఎన్నడూ మెట్లెక్కని ఆఫీసులో.

తహసీల్దారు: అప్పీలు ఉంది. 24వ సెక్షను. పదిహేను రోజుల్లో కలెక్టరుకి, అక్కడ కుదరకపోతే ముప్పై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి.

న్యాయవాది: పేరు పోయిందని తెలిస్తేగా అప్పీలు! తెలిసేది పోలింగు రోజు. నామినేషన్ల ఆఖరి తేదీ దాటాక జాబితాలో ఒక్క పేరు కూడా చేర్చడానికీ మార్చడానికీ వీల్లేదని 23వ సెక్షనే అంటోంది. 2018 డిసెంబరు 7న తెలంగాణలో జరిగింది అదే. బూతుకెళ్తే పేరు లేదన్నవాళ్లు ఒకరిద్దరు కాదు. గుత్తా జ్వాల అంతటి క్రీడాకారిణి నా పేరు కనపడటం లేదని అందరికీ తెలిసేలా రాసింది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఆ ఓటు తిరిగి రాలేదు. మళ్లీ అసెంబ్లీకి ఓటెయ్యాలంటే ఇంకో ఐదేళ్లు.

ఇక్కడ తహసీల్దారు గారు కాసేపు మాట్లాడలేదు. పేరు గల్లంతైన మనిషిని బూతు గుమ్మంలో చూడటం ఎన్నికల ఉద్యోగికి కూడా తేలిక కాదు. చేతిలో ప్రభుత్వం ఇచ్చిన కార్డు ఉన్న మనిషిని ప్రభుత్వమే వెనక్కి పంపాలి. కొన్ని ఎన్నికల్లో ఆ పని ఆయనే చేయాల్సి వచ్చింది.

తహసీల్దారు: సరే. అందుకే నేను ఆధార్ అంటున్నాను. ఒక మనిషికి ఒక నంబరు ఉంటే పై పోర్షనా కింద పోర్షనా అన్న గొడవే లేదు. ఎటు మారినా మనిషి ఒకడే అని తెలుస్తుంది. 2021లో చట్టం సవరించి ఓటుకీ ఆధార్‌కీ ముడిపెట్టుకోవచ్చన్నారు. దాంతోపాటే 18 నిండినవాళ్లు ఏడాదికోసారి కాక జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు, నాలుగు తేదీల్లో చేరొచ్చన్నారు. మంచి సవరణ. కానీ ఆధార్‌ని ఐచ్ఛికం అని వదిలేశారు. 66 కోట్ల నంబర్లు సేకరించి పెట్టుకుని, తప్పనిసరి కాదని 2023లో కోర్టుకి చెప్పారు. సగంలో ఆపిన పని అది.

న్యాయవాది: సగంలో ఆగడానికి కారణం ఉంది. 2015లో ఒకసారి చేసి చూశారు కదా, జాబితా శుద్ధి అని పేరు పెట్టి. ఆ ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆధార్ వాడకాన్ని కట్టడి చేశాక ఆపేశారు. 2018లో తెలంగాణలో పోయిన పేర్లకీ దానికీ లంకె ఉందని కోర్టుల్లో పిటిషన్లు పడ్డాయి. కంప్యూటర్ రెండు పేర్లు ఒకటే అంటుంది. వెంకటలక్ష్మి, వెంకట లక్ష్మి, బి. వెంకటలక్ష్మి. ఒకే తండ్రి పేరు ఉన్న అక్కాచెల్లెళ్లు. మనింటి పేర్లు మీకు తెలియనివా! ఇంటికెళ్లి చూడకుండా తెర మీద చూసి కొట్టేస్తే అప్పుడు మనిషి ఎక్కడికి వెళ్లి మొరపెట్టుకోవాలి? ఇంకో సంగతి. ఆధార్ గుర్తింపుకి. పౌరసత్వానికి కాదని ఆధార్ చట్టమే చెబుతోంది. పౌరుడని రుజువు చూపడానికి అది పనికిరాదు, రెండు పేర్లు ఒకటేనా అని తేల్చడానికి వాడితే చేయి కోసుకుంటాం.

తహసీల్దారు: మరి కర్ణాటకలో ఆళంద సంగతి? అక్కడ ఆధార్ ఉంటే ఆ మోసం జరిగేదే కాదు.

న్యాయవాది: నేను చెప్పబోతున్నదే అది. 2023 ఎన్నికల ముందు ఆళందలో పేర్లు తీసేయమని ఆన్‌లైన్‌లో 6,018 దరఖాస్తులు వచ్చాయి. అధికారులు ఇంటింటికీ వెళ్లి చూస్తే అందులో నిజమైనవి 24. ఎవరి పేరుతో దరఖాస్తు పెట్టారో ఆ మనుషులకే తెలీదు. 2019కి ముందు మన ఆంధ్రాలోనూ అంతే, ఫారం 7లు లక్షల్లో వచ్చి పడ్డాయి, ఎక్కువ బోగస్‌వని తేలి పోలీసు కేసులు పెట్టారు. ఉరవకొండలో పద్ధతి తప్పి ఓట్లు తీసేసినందుకు 2023లో అధికారులే సస్పెండయ్యారు. కాబట్టి పేరు తీసేయమని అడిగేవాడికి ఆధార్ సంతకం పెట్టండి. 2025 సెప్టెంబరులో ఆన్‌లైన్ దరఖాస్తుకి అది మొదలుపెట్టారు కూడా. చాలా సంతోషం. ఒకరి ఓటు తీయాలనుకున్నవాడు ముందు తానెవరో చెప్పాలి. ఓటు వేసుకునే మనిషిని మాత్రం ఆ గొలుసుకి కట్టొద్దు. అడిగేవాడు వేరు, పోగొట్టుకునేవాడు వేరు మావయ్యా. చట్టం ఆ ఇద్దరినీ ఒకే కాటాలో వేసి తూస్తోంది.

తహసీల్దారు: వకీలువి, మాట నేర్పుంది. కానీ నీ పద్ధతిలో ఎవరి పేరూ ఎప్పటికీ పోదు. రుజువు ఎవరు చూపించాలి?

న్యాయవాది: జాబితాలో పేరు ఉందంటే ఒకప్పుడు ఎవరో అధికారి విచారించే రాశాడు. దాన్ని కాదనేవాడే రుజువు చూపించాలి. నేనంటున్నది కాదు, 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ముంబయి, ఢిల్లీ బస్తీల్లో పౌరులు కారన్న అనుమానంతో పోలీసులు ఇచ్చిన కాగితాల మీద ఆధారపడి పేర్లు తీయబోతే, అలా కుదరదు, నోటీసివ్వాలి, ఉన్న ఆధారం చూపించాలి, వాళ్ల మాట వినాలి అంది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా అది తీర్పుగానే ఉంది, చట్టంలో అక్షరంగా లేదు.

తహసీల్దారు: అక్షరం రాయడం తేలికే. చేసేదెవరు? ఒక బూతుకి ఒక ఉద్యోగి. బూతుకి 1,200 మంది దాకా ఓటర్లు. ఆ అంగన్‌వాడీ టీచరు పొద్దున పిల్లలకి గుడ్డు పెట్టాలి, బరువు తూచాలి, యాప్‌లో ఎక్కించాలి, ఆ తర్వాత ఈ ఇళ్లు తిరగాలి. దీనికి ఏడాదికి 6,000 రూపాయలు ఇచ్చేవాళ్లు. 2025లో 12,000 చేశారు. అంటే నెలకి వెయ్యి. నువ్వు ప్రతి పేరుకీ నోటీసు, చేతికిచ్చినట్టు సంతకం, కారణం, విచారణ అంటున్నావు. ఆవిడ చేయగలదా? చేయలేక, రాత్రి పూట ఇంట్లో కూర్చుని అన్నిటికీ టిక్కులు కొడుతుంది. నేను చూశాను. తప్పు ఆవిడది కాదు. నీ నియమం ఎంత గొప్పదైతే ఆ టిక్కులు అంత ఎక్కువవుతాయి.

న్యాయవాది: ఈ మాటకి నా దగ్గర ఎదురు లేదు. నిజంగా చెబుతున్నా. మేం కోర్టులో ఎంతసేపూ ఎన్నికల సంఘం, ఎన్నికల సంఘం అంటాం. ఆ సంఘానికి ఊళ్లో సొంత మనిషి ఒక్కడు కూడా లేడు. అందరూ ఎరువు తెచ్చుకున్న ఉద్యోగులే. ఓటర్ల జాబితా ఏడాది పొడవునా చేయాల్సిన పని అని చట్టం ఒప్పుకుంటే, దానికి మండలానికి ఇద్దరు ముగ్గురైనా పూర్తికాలం ఉద్యోగులు ఉండాలి. అది సంస్కరణలో మొదట రాయాల్సిన మాట. నేను రాస్తున్న సంస్కరణల ముసాయిదాలో లేదు. రాస్తాను.

తహసీల్దారు: అది రాస్తే నేను నీ నోటీసు నియమానికి సంతకం పెడతాను. ఇంకేముంది నీ ముసాయిదాలో?

న్యాయవాది: తీసే ప్రతి పేరూ కారణంతో సహా బూతు గోడ మీద, పంచాయతీ ఆఫీసులో, వెబ్‌సైట్‌లో. ముసాయిదా జాబితాలో చేర్చకపోయినా తొలగించినట్టే లెక్క. ఫోను నంబరు ఉంటే మెసేజీ, లేకపోతే ఇంటికి కాగితం. వలస వెళ్లినవాడి దగ్గరికి కాగితం చేరదు గనక రెండు వారాలు కాదు, ముప్పై రోజుల గడువు. పాలమూరు నుంచి పుణెకి పనికి పోయినవాడు తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోయినట్టు కాదని 20వ సెక్షనే అంటోంది. కావాలని తప్పుడు తొలగింపు చేసిన అధికారి మీద 32వ సెక్షను కింద చర్య. ఇక ఆఖరిది, కార్డు ఉండి పేరు పోయిన మనిషికి పోలింగు రోజు విడిగా ఒక ఓటు. కవర్లో పెట్టి, విచారించి, నిజమైతే లెక్కపెట్టాలి. ఒకరి ఓటు ఇంకొకరు వేసేస్తే టెండర్ ఓటు ఇస్తున్నాం కదా, అలాగే.

తహసీల్దారు: ఆఖరిది వద్దు. నువ్వు బూతులో కూర్చోలేదు, నేను కూర్చున్నాను. సాయంత్రం ఐదింటికి రెండు పార్టీలవాళ్లు యాభైమంది చొప్పున కార్డులతో మనుషుల్ని తెచ్చి, వీళ్ల పేర్లు పోయాయి, కవరు ఓటు ఇవ్వండంటారు. ప్రిసైడింగ్ అధికారి ఒక స్కూలు మాస్టారు. ఏం చేస్తాడు? టెండర్ ఓటు కోర్టు అడిగితే తప్ప తెరవరు. నీ కవర్లు ఫలితాన్నే మార్చేస్తాయి. మూడొందల ఓట్ల తేడాతో గెలిచే చోట నాలుగొందల కవర్లుంటే ఆ రాత్రి ఊళ్లో ఏం జరుగుతుందో ఆలోచించు.

న్యాయవాది: మరి ఆ పనిమనిషి ఇంటికి వెళ్లిపోవాల్సిందేనా?

తహసీల్దారు: పోలింగు రోజు దాకా ఎందుకు రానివ్వాలి? నువ్వే లెక్కేయి. మొదటి అప్పీలుకి పదిహేను రోజులు, రెండోదానికి ముప్పై. నలభై అయిదు. విచారణకి ఇంకో పదిహేను కలుపు. నామినేషన్ల గడువుకి అరవై రోజుల ముందే తొలగింపులన్నీ ఆగిపోవాలి. చేర్పులు నడవనీ, తొలగింపులు మాత్రం బంద్. అంతకుముందు తీసేసిన పేర్ల జాబితా ఆ అరవై రోజులూ ప్రతి ఊళ్లోనూ గోడ మీద ఉంటుంది. చూసుకున్నవాడు అప్పీలు చేసుకుంటాడు.

న్యాయవాది: ఆ అరవై రోజుల్లో చనిపోయినవాళ్లు?

తహసీల్దారు: పేరు ఉంటుంది. ఏఎస్‌డీ జాబితాలో చేరుస్తాం. ఊళ్లో లేనివాళ్లు, మారినవాళ్లు, పోయినవాళ్లు, ఆ పేర్లన్నీ విడిగా ప్రిసైడింగ్ అధికారి చేతిలో ఉంటాయి. ఆ పేరుతో ఎవరైనా వస్తే కార్డు గట్టిగా చూస్తాడు, వేలిముద్ర తీసుకుంటాడు. ఇప్పుడున్న పద్ధతే. దొంగ ఓటు ఆపడానికి పేరు కొట్టేయక్కర్లేదు, కాపలా పెడితే చాలు.

న్యాయవాది: ఇది నా కవరు ఓటుకన్నా మంచిది. తీసుకుంటున్నాను.

తహసీల్దారు: తీసుకో. కానీ నా కూకట్‌పల్లివాడి సంగతి తేలలేదు. రెండుచోట్లా పేరుంది. కంప్యూటర్ చూపించింది. ఇంటికెళ్లి ఫోటో చూసి ఒకడే అని ఖాయం చేసుకున్నాం. ఏది ఉంచుకుంటావో చెప్పమని నోటీసిచ్చాం. జవాబు లేదు. అప్పుడు?

న్యాయవాది: ఎక్కడ కాపురముంటే అక్కడ ఉంచి, రెండోచోట ఏఎస్‌డీలో వేయండి.

తహసీల్దారు: వేస్తే వాడు అసలు కార్డుతోనే వస్తాడు, అసలు వేలిముద్రే వేస్తాడు. మనిషి నిజమైనవాడే. ఏఎస్‌డీ వాడిని ఆపలేదు. రెండో పేరు కొట్టేయాల్సిందే.

న్యాయవాది: కొట్టేయండి. నోటీసు చేతికందినట్టు సంతకం ఉంటేనే.

తహసీల్దారు: సంతకం పెట్టడు. తలుపు తీయడు.

న్యాయవాది: రెండుసార్లు వెళ్లి, తీయలేదని పక్కింటివాళ్ల సాక్షి సంతకం తీసుకుని, అరవై రోజుల గడువుకి ముందే గోడ మీద పేరు పెట్టి, అప్పుడు కొట్టేయండి. అప్పీలుకొస్తే మాత్రం ఆయన తరఫున నేనే వస్తాను.

తహసీల్దారు: రా. పాలకొల్లులో ఎందుకు పేరుంచుకున్నాడో ముందు నిన్నే అడుగుతారు.